ఇరవయ్యో సంతకం

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి యోక్‌చాన్ చేతిలో పెన్ను ఉంది. మకావులో పోర్చుగీసు జెండా దిగడానికి ఇంకా ఎనిమిది నెలలు. ఈలోపు ఊరికి తొలి పాలకుణ్ణి ఎన్నుకోవలసిన రెండు వందల మందిలో ఆమె ఒకతె. కుట్టుమిషన్ల మీద బతికే ఆడవాళ్ళ సంఘం తరఫున ఆ కమిటీలోకి వెళ్ళింది. పోటీకి నిలబడాలంటే ఆ రెండు వందల మందిలో ఇరవై మంది సంతకాలు కావాలి. మేడలు కట్టి అమ్మే పున్ వింగ్‌సాంగ్‌కి అవి ఒక్క పూటలో వచ్చిపడ్డాయి. వీధి డాక్టరు సియో మాన్‌కేకి మాత్రం పందొమ్మిది దగ్గర ఆగిపోయాయి. ఇరవయ్యోది యోక్‌చాన్ పెట్టింది. పెట్టి ఇంటికొచ్చి చెప్పులు విడిచేలోపే ఫోన్ మోగింది.

“రేపు పొద్దున టీ తాగుదాం రండక్కయ్యా,” అన్నాడు పున్ దగ్గర పనులు చక్కబెట్టే ఊన్ తక్‌షింగ్. “ముప్పై ఒక్కేళ్ళ కిందటి ముచ్చటొకటి ఉంది.”

యోక్‌చాన్ వెళ్ళింది. వెళ్ళకపోతే ఏమవుతుందో ఊహించే ధైర్యం లేక వెళ్ళింది.

ఏప్రిల్ నెల ఉక్క. సముద్రం మీంచి వచ్చే తేమకి ఊళ్ళో గోడలన్నీ చెమటలు కారుస్తున్నాయి. టీ అంగడి మెట్లు జారుతున్నాయి. పై అంతస్తులో మూల బల్ల దగ్గర కూర్చున్న ఊన్ ఆమెని చూడగానే లేచి, గోడవైపు కుర్చీ చూపించాడు. ఆమె అందులోకి ఒదిగాక తన కుర్చీ దగ్గరగా జరుపుకున్నాడు. ఇప్పుడు ఆమె బయటికి వెళ్ళాలంటే ముందు ఆయన లేవాలి.

ఊన్‌కి యాభై దాటాయి. ఒకప్పుడు బడిపంతులు. ఎవరి మీదా గొంతు పెంచడని ఊళ్ళో పేరు.

“రొయ్యల కుడుములు చెప్పాను. వేడి మీద తినండి. బాగా చిక్కిపోయారు మీరు.”

“సంగతేంటో చెప్పండి. పదింటికి ఫ్యాక్టరీలో మీటింగుంది నాకు.”

“లేదులెండి. మీ వాళ్ళకి ఫోన్ చేసి, అక్కయ్య ఇవాళ రారని చెప్పేశాను,” అంటూ ఆమె కప్పులో టీ వంచాడు.

అలవాటు కొద్దీ ఆమె రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తట్టింది. టీ పోసినవాళ్ళకి ఆ ఊళ్ళో అందరూ చేసే మర్యాదే అది. తట్టాక తన వేళ్ళ మీద తనకే ఒళ్ళు మండింది.

ఊన్ సంచీలోంచి మూడు జిరాక్స్ కాగితాలు తీశాడు. బల్ల మీద తడి తగలకుండా చేతిగుడ్డ పరిచి, దాని మీద పెట్టాడు.

“ఇది తైపా దీవిలో టపాకాయల ఫ్యాక్టరీ వాళ్ళ పనివాళ్ళ పుస్తకం. అరవై ఆరో సంవత్సరం. లామ్ యోక్‌చాన్, పదిహేనేళ్ళు. పక్కన వేలిముద్ర. ఇది గుర్తింపు కార్డు కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తు. అరవై ఎనిమిది. ఇదీ లామ్ యోక్‌చానే. దీనికీ వేలిముద్ర ఉంది. నాకివి చదవడం రాదు. చదవడం వచ్చినాయన్ని అడిగాను. ఆ పిల్ల బొటనవేలికి సుడి ఉందిట. మీ వేలికి లేదుట.”

“ఫ్యాక్టరీ పేలినప్పుడు నా చేతులు కాలాయి. ఊరందరికీ తెలుసు.”

“అంటారనే మూడోది తెచ్చాను.”

మూడోది ఆస్పత్రి వార్డు పుస్తకంలో ఒక పేజీ. పేలుడు జరిగిన మర్నాటి తేదీ. పేరు తెలియని అమ్మాయి, వయసు సుమారు పదిహేడు, ఉదయం ఆరు గంటలకు మరణించింది. కింద సంతకం, డాక్టర్ సియో మాన్‌కే.

యోక్‌చాన్ ఆ పేజీని ఎప్పుడూ చూడలేదు. కానీ అందులో ఏముందో ముప్పై ఒక్కేళ్ళుగా తెలుసు. పేరు తెలియని అమ్మాయని ఎవరి గురించి రాశారో ఆ అమ్మాయే అసలు యోక్‌చాన్. ఇప్పుడీ కుర్చీలో గోడకి ఆనుకుని కూర్చున్నావిడ పేరు చౌ సౌఫాన్. ఆవల ఒడ్డున, కమ్యూనిస్టుల రాజ్యంలో, ఒక పల్లెటూరు ఆమెది. పదిహేడేళ్ళప్పుడు, రెండు సైకిల్ ట్యూబులు నడుముకి కట్టుకుని ఆరు గంటలు ఈది ఈ ఒడ్డుకి వచ్చింది. టపాకాయల షెడ్డులో పనిచేసే యోక్‌చాన్ ఆమెని తన చాప మీదే పడుకోబెట్టుకుని, తన గిన్నెలో అన్నమే సగం పెట్టి పదకొండు రోజులు దాచింది. పన్నెండో రోజు షెడ్డు పేలింది. ఆ ఏడాది ఈదుకొచ్చినవాళ్ళని దొరికినవాళ్ళని దొరికినట్టు వెనక్కి పంపేస్తున్నారు. వెనక్కి వెళ్ళినవాళ్ళకి అక్కడ జైలో, అంతకన్నా ఘోరమో అని అందరికీ తెలుసు. పేలుడు మర్నాడు తెల్లవారగానే, ఒళ్ళంతా కట్లతో పడి ఉన్న ఆమె చెవి దగ్గర వంగి, కుర్ర డాక్టరొకడు అడిగాడు: “ఇవాళ్టి నుంచి నీ పేరు లామ్ యోక్‌చాన్. గుర్తుంటుందా?”

గుర్తుంది. ఎంతగా అంటే, ఇప్పుడు సౌఫాన్ అని ఎవరైనా వెనకనుంచి పిలిచినా ఆమె తల తిప్పదు.

“మీ మీద నాకు కోపం లేదక్కయ్యా,” అన్నాడు ఊన్. “మా అమ్మా పడవ అడుగున దాక్కునే వచ్చింది. ఈ ఊళ్ళో సగం మంది అలా వచ్చినవాళ్ళే.”

“మరి నన్నెందుకు కూర్చోబెట్టారిక్కడ?”

“రెండు వందల మంది, ఒకటే పేరు. అదీ మాకు కావలసింది. నాలుగు వందల ఏళ్ళ తర్వాత మొట్టమొదటిసారి మనవాడు మన కుర్చీలో కూర్చోబోతున్నాడు. అంత మంచి రోజున కాగితం మీద రెండో పేరెందుకు చెప్పండి? పెళ్ళి శుభలేఖలో ఇద్దరు పెళ్ళికొడుకుల పేర్లు వేస్తారా ఎక్కడైనా?”

“పెళ్ళికూతుర్ని అడిగారా ఎవరైనా?”

ఊన్ మనస్ఫూర్తిగా నవ్వాడు. నవ్వుతూనే నాలుగో కాగితం తీశాడు. ఇది జిరాక్స్ కాదు. ‘నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను’ అని అచ్చువేసి ఉంది. కింద ఖాళీ.

“సాయంత్రం ఐదింటికి గడువు ముగుస్తుంది. ఐదులోపు దీని మీద సంతకం పెట్టి కమిటీ ఆఫీసులో ఇచ్చెయ్యండి. ఆయనకి పందొమ్మిదే మిగుల్తాయి, మర్యాదగా ఇంటికెళ్ళి మందులిచ్చుకుంటాడు. మీరు మీరుగానే ఉంటారు.”

“పెట్టకపోతే?”

“దొంగ మరణపత్రం రాసిన డాక్టరు. చచ్చిపోయిన పిల్ల పేరుతో ఓటెయ్యబోయిన సభ్యురాలు. పేపర్లవాళ్ళకి పండగ. మీ అమ్మాయి కోర్టులో దుబాసీ కదూ? తల్లి పేరే అబద్ధమైతే ఆ పిల్ల పుట్టుక కాగితం ఏమవుతుంది? డిసెంబరు తర్వాత ఉద్యోగాలకి కాగితాలన్నీ మళ్ళీ చూస్తారుట.”

ఆమె టీ కప్పు పక్కకి జరిపింది.

“ఇది పెడితే నన్ను వదిలేస్తారా? నిజం చెప్పండి. మీరు పంతులుగా చేసినవారు. డిసెంబరొస్తుంది, తర్వాత జనవరి వస్తుంది. మా ఆడవాళ్ళు జీతాల కోసం గేటు ముందు కూర్చున్న ప్రతిసారీ మీరీ కుడుములు తినిపించరూ నాకు?”

ఊన్ ఆమె పళ్ళెంలోకి ఇంకో కుడుము జరిపాడు.

“ఇంకోటుంది,” అన్నాడు. “ఆ అమ్మాయికి చెల్లెలుంది. మీకు తెలుసు.”

తెలుసు. షెడ్డులో చాప మీద పడుకుని యోక్‌చాన్ చెప్పిన ముచ్చట్లన్నీ ఆ చెల్లెలి గురించే. తల్లీ తండ్రీ లేరు. తొమ్మిదేళ్ళ యోక్‌లాన్‌ని క్రైస్తవ సన్యాసినుల దగ్గర ఉంచి, ప్రతి ఆదివారం వెళ్ళి జడ వేసి వచ్చేది. కట్లు విప్పాక సౌఫాన్ ఒక ఆదివారం ఆ గేటు దాకా వెళ్ళింది. రోడ్డుకి ఇవతల చేపల బండి చాటున నిలబడింది. గేటు ఊచలు పట్టుకుని ఒక పిల్ల వీధి చివరికంటా చూస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడితే, ఈవిడ మా అక్క కాదని ఆ పిల్ల అరిచే ఒక్క అరుపు చాలు. సౌఫాన్ వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత ఎప్పుడో ఆ పిల్లని పినతల్లి హాంకాంగ్ తీసుకుపోయిందని విన్నది. విని, ఊపిరి పీల్చుకుంది. ఆ పీల్చుకున్న ఊపిరికి ఆమె తనని తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

“హాంకాంగులో ఒక ఆస్పత్రి వంటశాలలో పని చేస్తోంది,” అన్నాడు ఊన్. “మొన్న వెళ్ళి కలిశాను. మీ అక్క నిన్ను వదిలేసి పోలేదమ్మా, అప్పుడే చచ్చిపోయింది, ఆవిడ పేరు పెట్టుకుని ఇంకొకావిడ తిరుగుతోంది అని చెప్పాను. తర్వాత ఒకటే అడిగింది, పడవ ఎన్నింటికి అని. మధ్యాహ్నానికి దిగుతుంది.”

కుర్చీ వెనక్కి లాగి, ఆమెకి దారి ఇచ్చాడు.

“ఐదింటికి, అక్కయ్యా.”

* * *

డాక్టర్ సియో వైద్యశాల సందు చివర, చేపల వాసన మధ్యలో ఉంటుంది. వరసలో ఉన్నవాళ్ళు యోక్‌చాన్ ముఖం చూసి తామే తప్పుకున్నారు. అరవై దాటిన మనిషి, కోటు జేబులో స్టెతస్కోపు కుక్కుకుని ఆమె చెప్పిందంతా విన్నాడు. విని చెయ్యి చాచాడు.

“ఏదీ ఆ కాగితం?”

తీసుకుని, చదివి, తన పెన్ను మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

“పెట్టమ్మా సంతకం.”

“ఏంటండీ మీరు మాట్లాడేది?”

“నేనెలాగూ గెలవను. నూట ఎనభై మంది అటే ఉన్నారు. గెలవని పోటీ కోసం నీ బతుకూ నీ కూతురి బతుకూ తగలెయ్యడం దేనికి?”

“గెలవమని ఎవరన్నారు మిమ్మల్ని? పున్ వద్దు అనుకునేవాళ్ళకి గీత గియ్యడానికి ఇంకో గడి ఉండాలి కదా ఆ కాగితం మీద! అందుకు పెట్టాను సంతకం. మా ఆడవాళ్ళు ఏడొందల మంది చేతులెత్తి పంపారు నన్ను.”

“వాళ్ళకి నువ్వు కావాలి. నేను కాదు.”

ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ రోజు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఎదురుపడితే దగ్గుకి మందు, మోకాలికి కట్టు, అంతే.

“అలా రాసినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా మీరు?”

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఆ పిల్ల తెల్లవారుజామున పోయింది. ఆరు గంటలకి. కళ్ళు నేనే మూశాను. ఆ తర్వాతే పెన్ను తీశాను. చనిపోయిన మనిషికి అక్కర్లేని పేరు, బతికున్న మనిషికిచ్చాను. అందులో నాకు తప్పు కనిపించలేదు. ఇప్పుడూ కనిపించదు.”

ఆ మాట ఆమెకి కొండంత అండ అయింది. అయినా సందు దాటి వచ్చాక అడుగు పడలేదు. సంతకం పెడితే ఊన్ చేతిలో బతకాలి, జీవితాంతం. పెట్టకపోతే ఐదింటికల్లా ఊరంతా తెలుస్తుంది. కూతురికి చెబుదామని టెలిఫోన్ పెట్టెలో దూరింది. మేడమ్ కోర్టు హాల్లో ఉన్నారు, అన్నారు అవతల. రిసీవరు పెట్టేసి, గాజు తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. గాజు కూడా తడిగా ఉంది.

ఆమెకి రెండు వైపులా దారులు మూసేశారు. మూసేసిన చోట కనీసం ఎటు తిరిగి నిలబడాలో అన్నా తన ఇష్టం కావాలనుకుంది. అంతకన్నా గొప్ప ధైర్యమేమీ ఆమెకి కలగలేదు. ఊన్ ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని, దాని మీద సంతకం పెట్టకుండానే కమిటీ ఆఫీసుకి నడిచింది.

* * *

నాలుగున్నర. ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి లేదు. బల్ల వెనక అధికారిణి పేర్లు సరిచూస్తోంది. యోక్‌చాన్ ముందుకొచ్చి చెప్పింది.

“డాక్టర్ సియోకి నేను పెట్టిన సంతకం అలాగే ఉంటుంది. మార్పేమీ లేదు.”

“మంచిదమ్మా. డాక్టర్ గారు పక్క గదిలోనే ఉన్నారు, ఆయన అంగీకార పత్రం తీసుకుంటే పనైపోతుంది—”

“ఒక్క నిమిషం.” వెనకనుంచి ఊన్ గొంతు. ఎప్పటిలాగే మెత్తగా ఉంది. “ఈ సంతకం మీద మాకు అభ్యంతరముంది. ఈవిడ లామ్ యోక్‌చాన్ కాదు. ఇవిగో కాగితాలు. నా పక్కనున్నావిడ అసలు లామ్ యోక్‌చాన్‌కి తోడబుట్టిన చెల్లెలు లామ్ యోక్‌లాన్. చెబుతుంది.”

యోక్‌చాన్ తిరిగి చూసింది. నలభై ఏళ్ళ మనిషి. కురచ జుట్టు, మెడలో చవక ముత్యాల గొలుసు, వంటశాల ఆవిరికి ఎర్రబడ్డ చేతులు. షెడ్డులో చాప పంచిన ఆ పిల్ల బతికి నలభై ఏళ్ళదై ఉంటే ఇలాగే ఉండేది. అవే కనుబొమలు. అదే మొండి గడ్డం.

అధికారిణి వేలిముద్రల కాగితాలు పైకెత్తి చూసి, పక్కన పెట్టింది. “చెప్పండమ్మా. ఈవిడ మీకు తెలుసా?”

యోక్‌లాన్ దగ్గరకొచ్చింది. యోక్‌చాన్ ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, చెవి కింద కాలిన మచ్చ దాకా, తొందర లేకుండా చూసింది. యోక్‌చాన్ కళ్ళు దించుకోలేదు. ఆ గేటు దగ్గర వెనక్కి తిరిగి పోయినందుకు ఆ మాత్రం బాకీ తీర్చాలనిపించింది.

“మా అక్కే,” అంది యోక్‌లాన్.

ఊన్ ముందుకొచ్చాడు. “సరిగ్గా చూడమ్మా. నేను నీకు చెప్పిందేంటి—”

“మీరు చెప్పింది విన్నాను. నా కళ్ళతో చూస్తున్నాను కదా ఇప్పుడు. అక్కే. చిన్నప్పుడు చేతులు కాలాయి. నన్ను వదిలేసిపోయింది, అందుకే ఇన్నాళ్ళూ మాటల్లేవు. ఇంటి గొడవలు కూడా మీకు చెప్పాలా?”

“తోడబుట్టిందే అక్క అంటుంటే ఈ జిరాక్సులు పట్టుకుని నేనేం చెయ్యనండీ?” అంది అధికారిణి. ముద్ర ఎత్తి దించింది. ఇరవయ్యో సంతకం నిలబడింది. ఊన్ తన కాగితాలు ఒక్కొక్కటే ఏరుకుని, మడత పడకుండా సంచీలో పెట్టుకుని, ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి బయటికి వెళ్ళాడు.

యోక్‌లాన్ యోక్‌చాన్ మోచెయ్యి పట్టుకుని వసారాలోకి నడిపించింది. ఎవరు చూసినా అక్కాచెల్లెళ్ళే అనుకుంటారు. కానీ ఆ పట్టులో ప్రేమ లేదు. వేళ్ళు ఎముకదాకా దిగుతున్నాయి.

“అమ్మా... నీకు ఎలా చెప్పను... ఆ గేటు దగ్గరికి నేను...”

“ఏడవకు. నీ కోసం చెయ్యలేదు నేను,” అంది యోక్‌లాన్ గొంతు తగ్గించి. “అక్కడ కాదని అన్నాననుకో, నిన్ను పట్టుకుపోతారు, ఆ డాక్టరు లాయర్ని పెట్టుకుంటాడు. నాకు కావలసింది ఎవరూ చెప్పరు. అందుకని అన్నాను. ఇప్పుడు నువ్వు నా అక్కవి. నేనడిగింది నువ్వు అడగాలి.”

“ఏం అడగాలి?”

“ఆ ఊన్ చూపించిన కాగితంలో మా అక్క ఆరింటికి పోయిందని ఉంది. డాక్టరు సంతకంతో.”

“అవును. తెల్లవారుజామున. ఆయన చేత్తోనే కళ్ళు—”

“ఆ రోజు పది గంటలకి కాన్వెంటు సిస్టరమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.” యోక్‌లాన్ ఇంకా దగ్గరగా వంగింది. “పది కొట్టిన గడియారం విన్నాను. మా అక్క కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూసి, జడ ఎవరు వేశారే వంకరగా, అంది. నాకు తొమ్మిదేళ్ళు. మర్చిపోతానా? వెంటనే నన్ను బయటికి పంపేశారు. మీ అక్కకి నయమవుతుంది, వస్తుంది అన్నారు. ముప్పై ఒక్కేళ్ళు, రాలేదని తిట్టుకున్నాను దాన్ని.”

వసారా గోడ మీంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. యోక్‌చాన్ ఆ గోడకే వీపు ఆనించింది. ఆరింటికి రాసిన కాగితం. పదింటికి మాట్లాడిన పిల్ల. అంటే తన చెవిలో ఆ పేరు చెప్పే వేళకి ఆ పేరుగల మనిషి నాలుగు మంచాల అవతల ఊపిరి పీలుస్తూనే ఉంది.

“ఊన్‌కి ఈ సంగతి చెప్పలేదు నేను,” అంది యోక్‌లాన్. “ఇంకా.”

పక్క గది తలుపు తెరుచుకుంది. డాక్టర్ సియో బయటికి వచ్చాడు. అంగీకార పత్రం చేతిలో ఉంది, ముఖం వెలిగిపోతోంది. యోక్‌చాన్‌ని చూసి రెండు చేతులూ చాచబోయి, పక్కనున్న మనిషిని చూసి ఆగాడు. ఆ కనుబొమల్నీ ఆ గడ్డాన్నీ చూస్తూ ఉండిపోయాడు.

యోక్‌చాన్ తన మోచేతి మీద పట్టు మరింత బిగుసుకోవడం గమనించింది.

“డాక్టర్ గారూ,” అంది. “ఆ అమ్మాయి పోయింది ఎన్నింటికండీ?”

ఏ అమ్మాయి అని ఆయన అడగలేదు. ఆరింటికి అనీ అనలేదు. వసారాకి అటూ ఇటూ చూసి, పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“లోపలికి రండి,” అన్నాడు. “ఇద్దరూ రండి. తలుపు వేస్తాను.”